పైమూలన కొలువైన పట్వారీ గారికి

మహారాజశ్రీ బ్యాటరీ శాతం గారి సముఖానికి,

హైదరాబాదు వాస్తవ్యుడొకడు వ్రాసుకుంటున్న విన్నపం.

ఫోను తెర పైన కుడిమూలన తమరు కొలువు తీరి ఉంటారు. ఇంట్లో వాళ్ల ముఖాలు చూసినా చూడకపోయినా మీ ముఖం మాత్రం రోజుకు లెక్కలేనన్ని సార్లు చూస్తాం. పొద్దున మీరు 100 అంటే ఆ రోజుకు ధైర్యం. పదకొండు గంటలకే 43 అంటే, ఛార్జర్ తెచ్చుకున్న సహోద్యోగి హఠాత్తుగా మంచివాడిగా కనిపిస్తాడు. ఇంత పలుకుబడి ఉన్న మిమ్మల్ని లెక్క అడిగే సాహసం ఎవరూ చేయలేదు. ఆ పని ఇవాళ నేను చేస్తున్నాను.

1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఊరి పెత్తనం చేసే పటేల్, భూముల లెక్కలు రాసే పట్వారీ పదవులను రద్దు చేసింది. రద్దయినవారిలో ఒకరు ఫోన్లలో ఉద్యోగం వెతుక్కున్నారన్న సంగతి అప్పట్లో ఎవరూ ఊహించి ఉండరు. తమరి పనితీరు చూస్తే నాకు అనుమానం లేదు. పొలంలో అడుగు పెట్టకుండా, అరుగు మీద కూర్చునే దస్త్రం రాసే విద్య మీది. బ్యాటరీలో ఎంత మిగిలిందో నేరుగా చూసే కన్ను మీకు లేదు. వోల్టేజీ చూస్తారు. లోపలికి వచ్చిన కరెంటును కూడతారు, బయటికి పోయినదాన్ని తీసేస్తారు. వేడినీ బ్యాటరీ వయసునూ కలిపి ఒక అంచనా కడతారు. ఆ అంచనా మీద శాతం అని ముద్ర కొట్టి, అదే సత్యమన్నట్టు మా ముఖాన పెడతారు.

మొన్న నాగోలులో ఒక పెళ్లి. తలంబ్రాల వేళకు మా పెదనాన్న ఫోను పైకెత్తారు. మీరు 22 అని చెబుతున్నారు. ఆయన కెమెరా తెరిచారు, ఫోను ఆగిపోయింది. ‘ఇంకా 22 ఉందిరా!’ అని ఆయన వాదిస్తూనే ఉన్నారు, తలంబ్రాలు అయిపోయాయి. బ్యాటరీ పాతబడితే లోపల నిరోధం పెరుగుతుంది. కెమెరా ఒక్కసారిగా కరెంటు లాగేసరికి వోల్టేజీ కుంగిపోతుంది, ఫోను తనను తాను ఆపేసుకుంటుంది. దస్త్రం ప్రకారం పంట ఉంది, చేలో మాత్రం గింజ లేదు. ఇది పెదనాన్నకు వివరించబోతే, ‘మరి అది 22 అని ఎందుకు చెప్పినట్టు?’ అన్నారు. ఆ ప్రశ్న నాది కాదు, మీది.

తప్పుడు లెక్కను సరే, క్షమిద్దాం. మీ మీద నా అసలు అభియోగం వేరు. ఎంత ఖర్చయిందో ఊరంతా వినబడేలా చెప్పే మీరు, ఎవరు ఖర్చు పెట్టారో మాత్రం చెప్పరు. ఆ మౌనం వల్ల ఎన్ని కాపురాల్లో నిందలు పడుతున్నాయో తమకు తెలుసా?

రాయదుర్గం వైపు పెద్ద ఆఫీసు భవనాల సెల్లార్లలో సాయంత్రం దాకా యజమానుల కోసం కాచుకుని కూర్చునే డ్రైవర్లను చూడండి. నేలకు రెండు మూడు అంతస్తుల కింద సిగ్నల్ ఎక్కడిది? టవరు అందని ఫోను ఊరుకోదు, మళ్లీ మళ్లీ వెతుకుతుంది. ఒక గీత దొరికితే ఆ బలహీనమైన సిగ్నల్‌ను నిలబెట్టుకోవడానికి తన రేడియో శక్తిని పెంచుతుంది. 5జీ అందీ అందని చోట 4జీకీ 5జీకీ మధ్య తిరుగుతూ మరికొంత తింటుంది. సాయంత్రానికి మీరు 9 అంటారు. ఇంటికి వెళ్లాక ఆవిడ ఆ 9 చూసి, ‘పొద్దస్తమానం వీడియోలు చూస్తూ కూర్చున్నారు కదా!’ అంటుంది. పాపం, ఆయన కునుకు తీశారంతే. ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెడితే బ్యాటరీ మిగులుతుంది నిజమే, కానీ యజమాని ఫోను అందదు, ఉద్యోగం మిగలదు. ఆ సెల్లార్లో వైఫై ఇచ్చి, వైఫై కాలింగ్ పెట్టుకోనిస్తే సగం గొడవ తీరుతుంది. ఇవ్వాల్సినవారు పై అంతస్తుల్లో ఉంటారు, అక్కడ సిగ్నల్ బాగుంటుంది.

మెట్రోలోనూ అంతే. మియాపూరు నుంచి ఎల్బీనగర్ దాకా ఫోను ఒక టవరును వదిలి మరొకదాన్ని పట్టుకుంటూ పరుగెత్తుతుంది. తీరా దిగాక, టికెట్ ఫోనులోనే ఉంది, క్యూఆర్ కోడ్ చూపిస్తేనే గేటు తెరుచుకుంటుంది. మీరు సున్నా అన్నాక గేటు ఇవతల నిలబడే ప్రయాణికుడి పరువు ఏ శాతంలో లెక్కకడతారో చెప్పండి.

మీరు నోరు విప్పరు కాబట్టి నగరంలో ప్రతివాడూ బ్యాటరీ వైద్యుడయ్యాడు. మా అపార్ట్‌మెంటు సంఘం కార్యదర్శి గారు లిఫ్టులో కనిపించినప్పుడల్లా తెరిచి ఉన్న యాప్‌లను బొటనవేలితో పైకి విసిరేస్తూ ఉంటారు. అవి చాలావరకు నిద్రపోతున్నవే. విసిరేసినదాన్ని మళ్లీ మొదటినుంచి లేపడానికే ఎక్కువ ఖర్చవుతుంది. ఆయనకు చెప్పి చూశాను. విసరడంలో ఏదో తృప్తి ఉందట. మూడో అంతస్తు పెద్దాయన పూర్తిగా సున్నాకు దించి కానీ ఛార్జింగ్ పెట్టరు. నికెల్ కాడ్మియం బ్యాటరీల కాలం నాటి ఆచారమది. నేటి లిథియం బ్యాటరీకి అది మేలు చేయదు సరికదా, చేటు. ఇక డార్క్ మోడ్ పెట్టి తెర నల్లగా మారిస్తే సగం ఆదా అని నమ్మేవాళ్లు మరికొందరు. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం వారు 2021లో, చుక్క చుక్కా తానే వెలిగే ఓలెడ్ తెరల మీద కొలిచి చూశారు. వెలుతురు 30 నుంచి 50 శాతం మధ్య ఉంటే మిగిలేది సగటున 3 నుంచి 9 శాతం. వెలుతురు పూర్తిగా పెంచితేనే అది 39 నుంచి 47 దాకా పోతుంది. అంటే ఎండలో నిలబడినవాడికి అక్కరకొస్తుంది, పడకగదిలో నల్ల తెర పెట్టుకున్నవాడికి కంటికి హాయి.

ఇప్పుడు మలక్‌పేటలో ఉండే మా మేనత్త సంగతి వినండి. ఆవిడ ఫోను పొద్దున నిండుగా లేచి మధ్యాహ్నం భోజనాలకల్లా పడిపోతోంది. ‘కొత్తది కొనిస్తానంటున్నాడు మీ బావ, అంత అవసరమా నాయనా?’ అని నన్ను పిలిచింది. నేను సెట్టింగుల్లో బ్యాటరీ వాడకం పేజీ తెరిచాను. మీరు దాచిపెట్టిన ఖాతా పుస్తకం అదే కదా! ఏ యాప్ ఎంత తిన్నదో, తెర మీద ఉండి తిన్నదో తెర వెనక తిన్నదో వరుసగా ఉంటుంది. తెర మీద తిన్నదాని గురించి నాకు పట్టింపు లేదు, సీరియల్ చూశారు, కరిగింది. తెర వెనక గంటల తరబడి మేసినవే చూడాలి.

మొదటి పద్దు ఒక టార్చిలైటు యాప్. ఫోనులో టార్చి ముందే ఉంది, అయినా ఎవరో వేసి పెట్టారు. లొకేషన్ అనుమతి ‘ఎల్లప్పుడూ’ అని ఉంది.

‘అత్తయ్యా, ఈ టార్చికి మీరెక్కడున్నారో ఎందుకు?’

‘చీకట్లో ఎక్కడున్నామో తెలియాలి కదా నాయనా.’

దీనికి నా దగ్గర జవాబు లేదు. రెండో పద్దు ఇంకా ముచ్చటైనది: బ్యాటరీని ఆదా చేస్తానని చెప్పుకునే యాప్. అది రాత్రంతా మేలుకుని ప్రకటనలు తెచ్చుకుంటోంది. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచే ఫోను కదలకుండా పడి ఉంటే యాప్‌లను నిద్రపుచ్చే ఏర్పాటు ఉంది. కానీ ఈ మహానుభావుడు తనకు ఆంక్షలు వద్దని అడిగాడు, అత్తయ్య సరేనని నొక్కింది. అడిగినవాడికి లేదనడం మా వంశంలో లేదు. మూడోది బంధువుల వాట్సాప్ గ్రూపు. పూలు, సూర్యోదయాలు, దేవుళ్లు, మొత్తం బొమ్మలూ వీడియోలూ వాటంతటవే దిగుతున్నాయి. ఆ డౌన్‌లోడ్ ఆపుదామంటే అత్తయ్య ముఖం మారింది. ‘వెంకటేశ్వరస్వామిని దిగనివ్వవా?’ ఆ ఒక్క పద్దునూ వైఫై ఉన్నప్పుడే దిగేలా మార్చి వదిలేశాను. దేవుడితో పేచీ నాకెందుకు?

టార్చినీ ఆదా చేసేవాడినీ తీసేశాక ఫోను రాత్రి దాకా నిలిచింది. బావగారికి డబ్బు మిగిలింది, నాకు దక్కింది పెసరట్టు.

అన్ని కేసులూ ఇంత తేలికగా తెమలవు, అది ఒప్పుకోవాలి. ఒక్కోసారి మీ ఖాతాలో పైన గూగుల్ ప్లే సర్వీసెస్ పేరే ఉంటుంది. అది దళారి, వేరే యాప్‌లు లొకేషన్ కావాలని పోరుతుంటే ఖర్చు దాని పేరున పడుతుంది. కొత్త అప్‌డేట్ వచ్చిన రోజైతే ఫోను లోపల ఏవో సర్దుకుంటూ వేడెక్కుతుంది, రెండు మూడు రోజులు వేచి చూడాలి. ఎవరో తేలకపోతే ఫోనును సేఫ్ మోడ్‌లో తెరవాలి. అప్పుడు మనం వేసుకున్న యాప్‌లేవీ నడవవు. అలా ఉంచినప్పుడు తరుగుదల ఆగితే దొంగ మనం పిలిచిన చుట్టమే. ఆగకపోతే ఇంటి గోడల్లో, అంటే ఫోను యంత్రంలోనే, లోపమేమో చూడాలి.

ఆ గోడల సంగతి ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్లో రిపేరు చేసే కుర్రవాళ్లను అడగండి. మీ మాట వాళ్లు చెవిన వేసుకోరు, ఆ ఒక్క కారణానికే వాళ్లంటే నాకు గౌరవం. బ్యాటరీ ఊడదీసి, బోర్డును పవర్ సప్లైకి తగిలించి, ఫోను ఆన్ చేయకముందే మీటరు చూస్తారు. స్విచాఫ్‌లో ఉన్నా కరెంటు పోతుంటే బోర్డులో లీకేజీ ఉన్నట్టు. బ్యాటరీ ఉబ్బి వెనక మూత లేచి ఉంటే మాత్రం మీటరు దాకా కూడా వెళ్లరు. ఉబ్బిన బ్యాటరీని నొక్కకూడదు, గుచ్చకూడదు, ఛార్జింగ్ పెట్టకూడదు. మార్చాల్సిందే.

ఇక ఎండ. ఇక్కడ నా వెటకారం కాస్త తగ్గుతుంది, మన్నించండి. ఒక పేరున్న ఫోను కంపెనీ తన యంత్రానికి 16 నుంచి 22 డిగ్రీల మధ్య హాయి అని, 35 దాటిన చోట వాడితే బ్యాటరీ సామర్థ్యం శాశ్వతంగా దెబ్బతినవచ్చనీ రాసింది. మే నెలలో మా ఊరు 40 దాటుతుంది. అమీర్‌పేట చౌరస్తాలో మధ్యాహ్నం ఒంటిగంటకు ఆహారం చేరవేసే కుర్రవాడి ఫోను బండి హ్యాండిల్‌కు బిగించి ఉంటుంది. నేరుగా ఎండ. మ్యాపు కనబడాలి కాబట్టి వెలుతురు పూర్తిగా పెంచి ఉంటుంది. జీపీఎస్ ఆగదు, డేటా ఆగదు, జేబులోని పవర్ బ్యాంకు నుంచి ఛార్జింగూ ఎక్కుతూ ఉంటుంది. లిథియం అయాన్ బ్యాటరీకి వేడి, నిండు ఛార్జి కలిసి వస్తే అంతకన్నా చెడు లేదు. లోపల ఒక ధ్రువంగా ఉండే గ్రాఫైట్ మీద పొర మందమవుతుంది, తిరిగి రాని లిథియం అందులో చిక్కుకుంటుంది. ఈ బ్యాటరీకి బాట వేసిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2019లో నోబెల్ వచ్చింది, అందులో గుడెనఫ్ గారికి అప్పటికి 97 ఏళ్లు. ఆయన ఆయుష్షులో పిసరంత కూడా ఈ కుర్రవాడి బ్యాటరీకి అబ్బలేదు. ఫోను ఆగితే ఆర్డరు పోతుంది, ఆర్డరు పోతే ఆ రోజు కూలి తగ్గుతుంది. అతనికి ‘వెలుతురు తగ్గించుకోండి’ అని మీ వైపు నుంచి ఒక సూచన వస్తుంది. చూశాను. ఆ సూచన ఎవరు రాశారో వారిని ఒక్క మధ్యాహ్నం ఆ బండి మీద కూర్చోబెట్టాలని ఉంది.

ఐరోపా సమాఖ్య 2025 జూన్ 20 నుంచి ఒక నిబంధన తెచ్చింది. 800 సార్లు నిండా ఛార్జి చేసి వాడాక కూడా బ్యాటరీలో 80 శాతం సామర్థ్యం మిగిలి ఉండాలి, లేకపోతే అక్కడ ఆ ఫోను అమ్మకూడదు. అక్కడి పట్వారీలకు తహసీల్దారు దొరికాడన్నమాట. మాకు ఇంకా లేడు కాబట్టి నేరుగా మీకే విన్నవించుకుంటున్నాను.

మీ పక్కన కాస్త జాగా ఉంది. ఎంత ఖర్చయిందన్న అంకె పక్కనే, ఎవరు తిన్నారో ఆ పేరూ వేయండి. తెలుగులో వేస్తే అత్తయ్యకు నా అవసరం ఉండదు. ఖాతా పుస్తకాన్ని సెట్టింగుల్లో గది లోపల గది దాటించి దాచకండి. బ్యాటరీ ఆరోగ్యం ఎంతో అడగకుండానే చెప్పండి, అలా చెప్పే ఫోన్లు కొన్ని ఉన్నాయి, చెబితే మీ కొలువేమీ ఊడదు. మీ అంకె అంచనా అయితే దాని ముందు ‘సుమారు’ అని రాయండి. మా పెదనాన్న వచ్చే నెల ఇంకో పెళ్లికి వెళ్తున్నారు.

ఇట్లు,
తమరి దస్త్రంలో పేరు లేని రైతు,
మలక్‌పేట మేనత్త గారి మేనల్లుడు.