మామ్మ పొట్ట మీద ఇరవై మూడు జతల చేతులు

హాస్టల్‌కి వచ్చి యాప్రాన్ కూడా విప్పకుండా టైప్ చేస్తున్నా. కాలేజీ పేరు రాయను, మా బ్యాచ్ వాళ్ళకి ఎలాగూ తెలుసు, స్క్రీన్‌షాట్లు ఎవరికి పంపుకుంటారో పంపుకోండి.

నాది ఎంబీబీఎస్ ఫైనలియర్. ఇవాళ మెడిసిన్ పోస్టింగ్, ఫిమేల్ వార్డు. పల్లెటూరి నుంచి వచ్చిన మామ్మ, మిరప కోతలకి వెళ్ళి చేలోనే కూలబడిందట. స్ప్లీన్, అదే ఎడమ పక్కటెముకల కింద ఉండే ప్లీహం, వాచి బొడ్డు దాకా వచ్చేసింది. ఇంకేం, మాకు పండగే! పెద్ద స్ప్లీన్ అంటే ప్రాక్టికల్ పరీక్షల్లో లాంగ్ కేసు, అంటే పేషెంట్‌ని పూర్తిగా పరీక్షించి చెప్పాల్సిన పెద్ద ప్రశ్న. తొమ్మిదింటి నుంచి ఇరవై ముగ్గురం రేషన్ షాపు దగ్గరలా నిలబడి వరసగా నొక్కాం.

నా వంతు వచ్చేసరికి టెన్షన్‌తో చేతులు ఐసుగడ్డలు. తిన్నగా ఎడమ పక్కటెముకల కింద చెయ్యి పెట్టబోయా. మామ్మ నా మణికట్టు పట్టుకుంది. "అక్కడ కాదు పాపా, కుడిపక్క కింద నించి రావాలంట. నేను గాలి పీల్చినప్పుడల్లా కాస్త కాస్త జరపాలంట. ముందు చేతులు రుద్దుకో." నిజమే. స్ప్లీన్ పెరిగేది ఏటవాలుగా కిందికి, కుడివైపుకి. పైనే మొదలుపెడితే మన చెయ్యి దాని మీదే ఉంటుంది, అంచు దొరకదు. మూడు రోజులుగా మాలాంటివాళ్ళు నొక్కీ నొక్కీ ఆవిడకి వచ్చేసింది. ఈ పోస్టింగ్ మొత్తంలో నాకు చెయ్యి పట్టుకుని నేర్పిన మనిషి ఆవిడొక్కతే.

సార్ పదకొండున్నరకి వచ్చారు. స్ప్లీన్ ఇంత పెద్దదవడానికి కారణాలు చెప్పమన్నారు. మేం ఊపిరి తీసుకోకుండా మలేరియా, కాలా అజార్, మైలోఫైబ్రోసిస్, సీఎంఎల్... "సీఎంఎల్ అంటే?" అన్నారు సార్. వెనకనుంచి మా మహానుభావుడొకడు వార్డంతా వినపడేలా, "బ్లడ్ క్యాన్సర్ సార్!" రిపోర్టులు ఇంకా రానేలేదు. క్యాన్సర్ అన్న మాటని ఎవరికైనా విడమరిచి చెప్పాలా? మామ్మ మా మొహాలు ఒక్కొక్కటే చూసింది. సార్ వాచీ చూసుకుని పక్క బెడ్‌కి వెళ్ళిపోయారు. తర్వాత బయట బల్ల మీద, మేం నేర్చుకున్నామని సార్ పెట్టే లాగ్‌బుక్ సంతకాలు, ఇరవై మూడూ నాలుగు నిమిషాల్లో అయిపోయాయి.

వెనకబడ్డది నేను. మామ్మ నా యాప్రాన్ అంచు పట్టుకుని "నాకు క్యాన్సరా తల్లీ?" అంది.

నేనేమన్నానో తెలుసా? "సార్ చెప్తారు మామ్మా."

ఇప్పుడు నవ్వొచ్చే సంగతి వినండి. 2019 బ్యాచ్ నుంచి వచ్చిన కొత్త కరిక్యులంలో పేషెంట్‌తో ఎలా మాట్లాడాలో నేర్పడానికి ఏట్‌కామ్ అని ప్రత్యేకంగా పెట్టారు. చెడ్డ వార్త చెప్పడానికి స్పైక్స్ అని ఆరు మెట్లు, పీపీటీ, పైగా స్కిట్టు. పేషెంటు వేషం నాదే, బాగా ఏడ్చానని చప్పట్లు కూడా కొట్టారు. మొదటి మెట్టేంటంటే నలుగురూ లేని చోటు చూసుకుని, కూర్చుని మాట్లాడటం. మా వార్డులో నలుగురూ లేని చోటు బాత్రూమొక్కటే, దానికీ గడియ పడదు.

క్లినికల్స్‌కి, అంటే ఈ వార్డు పోస్టింగులకి, 80 శాతం హాజరు ఉండాలి, లేకపోతే పరీక్షకి కూర్చోనివ్వరు. సరే, ఉంటాం. సగం మంది బెడ్ పక్కనే నిలబడి ఫోన్లో క్వశ్చన్ బ్యాంక్ చేసుకుంటుంటారు. తప్పుపట్టను, పీజీ సీటు కోసం రాసే నీట్ పీజీలో ఉండేది 200 ఎంసీక్యూలే, అంటే ఇచ్చిన జవాబుల్లో ఒకటి ఎంచుకునే ప్రశ్నలే, స్ప్లీన్ ప్రశ్నకి జవాబు పెట్టడానికి స్ప్లీన్ ముట్టుకోనక్కర్లేదు. ఓస్లర్ అనే పాతకాలపు పెద్ద డాక్టరు, వార్డుల్లో విద్యార్థులకి పాఠం చెప్పాడని తన సమాధి మీద రాస్తే చాలన్నాడట. మావాళ్ళకైతే లాగ్‌బుక్కే శిలాశాసనం.

"ఓపీలో జనం చూశావా, సార్‌కి టైమెక్కడిదమ్మా" అని వస్తారు కొందరు. చూశాను బాబూ. మరి పోయినేడాది సర్జరీ పోస్టింగ్‌లో టైముండి కూడా ఏం చేశారు? మోచేతి మీద చిన్న గాయం, మూడు కుట్లు. ఆరున్నర సైజు గ్లోవ్స్ వేసుకుని, నీడిల్ హోల్డర్ పట్టుకుని రెడీగా ఉన్నా. పీజీ అన్న నా చేతిలోంచి తీసుకుని పక్కనున్న అబ్బాయికిచ్చాడు. "నువ్వెలాగూ గైనకో డెర్మానో తీసుకుంటావు కదమ్మా" అని. అన్నా, గైనకాలజీలో సిజేరియన్ చేశాక పొట్ట మంత్రం వేసి మూస్తారా? కొత్తపేటలో అడుగుకో ఆస్పత్రి ఉన్న ఊరు మనది, ఎందులోనైనా ఒక గైనిక్ మేడమ్‌ని అడిగి రా. ఆ రాత్రి హాస్టల్లో అరటిపండు తొక్క మీద అరవై కుట్లు వేశా, కోపానికి. ఆ మూడు కుట్లూ వేసినవాడు ఇప్పుడు స్కానింగులు చూసే రేడియాలజీ తప్ప ఏదీ వద్దంటున్నాడు.

సరే, మామ్మ రిపోర్టు రేపొస్తుందట. సార్ రాకముందే ఎనిమిదింటికి వెళ్ళి కూర్చుంటా. ఏం చెప్పాలో తెలీదు, చెప్పే అధికారం కూడా నాకు లేదు, కనీసం భోజనం చేసిందో లేదో అడుగుతా.

ఈలోపు కామెంట్లలో "ఫైనలియర్‌కే ఇంత పొగరా" అని జ్ఞానం ఇవ్వడానికి వచ్చేవాళ్ళు, ముందు చేతులు రుద్దుకుని రండి.