కొత్త వేటగాడికి గ్రేట్ స్వార్డ్ వద్దనే సలహా ఎక్కడ తప్పుతుంది

పెద్ద పెద్ద మృగాలను వేటాడే వీడియో గేమ్ మాన్‌స్టర్ హంటర్ కొత్తగా మొదలుపెట్టినవాళ్లు "ఉన్న పద్నాలుగు ఆయుధాల్లో ఏది పట్టుకోవాలి?" అని అడగడమే ఆలస్యం, ఎక్కడైనా దాదాపు ఒకే సలహా ఎదురవుతుంది. మాటలు అటూ ఇటూ మారినా సారం ఇదీ: "వేగంగా తిరిగే ఆయుధమే సులువు, కాబట్టి లాంగ్ స్వార్డో డ్యూయల్ బ్లేడ్సో తీసుకోండి. గ్రేట్ స్వార్డ్, లాన్స్ లాంటి బరువైనవి వందల గంటలు ఆడి ఆరితేరినవాళ్లకి. దెబ్బలకు భయమైతే విల్లో తుపాకో పట్టుకుని దూరంగా ఉండండి. అటాక్ అంకె పెద్దగా ఉన్నది చూసుకోండి. స్వార్డ్ అండ్ షీల్డ్ ఆట అలవాటయ్యేదాకానే. గన్‌లాన్స్, ఛార్జ్ బ్లేడ్ ముట్టుకోవద్దు. ఒకసారి ఎంచుకున్నాక మార్చకండి, సామగ్రి వృథా."

ఇందులో ఒక ముక్క సగం నిజం. మిగతావి తలకిందులు. కింద చెప్పిన బటన్లు ప్లేస్టేషన్ కంట్రోలర్‌వి, అంకెలు ఈ వరుసలో 2018లో వచ్చిన వరల్డ్ ఆటవి. తర్వాతి ఆటలైన రైజ్, వైల్డ్స్ ప్రస్తావన అవసరమైనచోట విడిగా ఉంటుంది.

"వేగంగా తిరిగే ఆయుధమే సులువు"

కొత్తవాళ్లను పడగొట్టేది ఆయుధం బరువు కాదు. ఈ ఆటలో ఒక దెబ్బ మొదలుపెడితే ఆ కదలిక పూర్తయ్యేదాకా మధ్యలో మనసు మార్చుకోవడం చాలావరకు కుదరదు. కాబట్టి కొట్టే ముందే మృగాన్ని చదవాలి: తోక ఎటు లేస్తోంది, ఏ కాలు వెనక్కి వేసింది, అరవబోతూ తల ఎప్పుడు ఎత్తుతోంది. అక్కడ పెట్టాల్సిన చూపును ఆయుధం ఎంత లాక్కుంటుందన్నదే అసలు కొలత. గేజ్‌లు (కొడుతూ నింపుకోవాల్సిన కొలబద్దలు), రంగులు, తూటాలు, స్టామినా (పరుగుకు, దొర్లడానికి ఖర్చయ్యే ఓపిక) అంటూ ఎన్ని లెక్కలు మోయాల్సి వస్తే కొత్తవాళ్లకి అంత కష్టం.

ఈ కొలతతో గ్రేట్ స్వార్డ్‌ను చూడండి. దానికి నింపాల్సిన గేజే లేదు. కత్తి వీపున ఉండగానే మృగం వైపు నడుస్తూ ట్రయాంగిల్ నొక్కి పట్టుకుంటే కత్తి తీస్తూనే ఛార్జ్ మొదలవుతుంది. ఛార్జ్‌కు మూడు స్థాయులు, ఒక్కో స్థాయికి ఒంటి మీద ఒక్కో మెరుపు. మూడో మెరుపు కనబడగానే వదిలేయాలి. ఇంకా పట్టుకుని కూర్చుంటే దెబ్బ బలం మళ్లీ తగ్గుతుంది. దెబ్బ పడ్డాక స్క్వేర్ నొక్కి కత్తి వీపుకు తగిలించి పక్కకు పరిగెత్తాలి. మొదటి పది వేటలకు ఇంతకుమించి ఏమీ అక్కర్లేదు.

ఇది ఎందుకు పనిచేస్తుందంటే, వేటలో ఎక్కువసేపు కత్తి వీపు మీదే ఉంటుంది. అంటే పూర్తి వేగంతో పరిగెత్తొచ్చు, ప్రాణం నింపే పోషన్ తాగొచ్చు, అన్నిటికంటే ముఖ్యంగా మృగాన్ని తీరిగ్గా చూడొచ్చు. అలా అబ్బిన చదువు తర్వాత ఏ ఆయుధం పట్టినా పనికొస్తుంది.

గ్రేట్ స్వార్డ్‌తో తప్పులు రెండే చోట్ల జరుగుతాయి. మొదటిది, మృగం తల ఇప్పుడు ఉన్నచోట గురిపెట్టడం. ఛార్జ్ నిండేసరికి ఆ తల అక్కడ ఉండదు. అది దూకి దిగాక, తోక తిప్పి ఆగాక తల ఎక్కడికొస్తుందో అక్కడ నిలబడి ఛార్జ్ పెట్టాలి. రెండోది, వీడియోల్లో చూసిన ట్రూ ఛార్జ్డ్ స్లాష్ కోసం మొదటిరోజే ఆరాటపడటం. ఛార్జ్డ్ స్లాష్, స్ట్రాంగ్ ఛార్జ్డ్ స్లాష్ దాటితేగాని అది రాదు. లేచి తిరుగుతున్న మృగం ముందు అంతసేపు నిలబడితే మిగిలేది దెబ్బలే. అది కిందపడ్డప్పుడు, ఉచ్చులో ఇరుక్కున్నప్పుడు దాచుకోవాల్సిన దెబ్బ అది. ఛార్జ్ మధ్యలో మృగం మీదికొస్తే సర్కిల్ నొక్కితే వేటగాడు భుజంతో గుద్దుతాడు. ఆ క్షణంలో తగిలిన దెబ్బకు ప్రాణం కొంత పోతుంది గాని కింద పడరు, అరుపుకు చెవులు మూసుకోరు. వెంటనే ట్రయాంగిల్ నొక్కితే తర్వాతి ఛార్జ్‌లోకి వెళ్తారు. ఈ భుజం దెబ్బ చేతికొచ్చాక "నెమ్మది ఆయుధం" అన్న ఫిర్యాదు వినబడదు.

ఇక సులువని చెప్పే లాంగ్ స్వార్డ్. మామూలు దెబ్బలతో స్పిరిట్ గేజ్ నింపాలి. ఆర్2 వరుసగా నొక్కుతూ స్పిరిట్ బ్లేడ్ దెబ్బలు వేసి, చివరి స్పిరిట్ రౌండ్‌స్లాష్ తగిలిస్తేనే గేజ్ రంగు తెలుపు, పసుపు, ఎరుపు అంటూ ఒక మెట్టు ఎక్కుతుంది. గాల్లో పోతే ఎక్కదు. ఎక్కిన రంగు కూడా కాలంతో దిగిపోతుంది. ఫోర్‌సైట్ స్లాష్‌తో వెనక్కి జారి తప్పించుకోవచ్చు కానీ, సమయం కుదరకపోతే ఉన్న గేజ్ మొత్తం ఖాళీ. అడ్డుపెట్టుకోవడానికి డాలు లేదు. అంటే మృగాన్ని చదవడం ముందే వచ్చినవాళ్ల చేతిలో ఇది అద్భుతం. చదవడం ఇంకా రానివాళ్లు మాత్రం తెల్ల రంగు దగ్గరే వేట ముగించి, "దెబ్బ పడటం లేదేంటి" అనుకుంటారు. నలుగురు కలిసి ఆడేటప్పుడు ఇంకో బాధ: దాని పొడవాటి ఊపు పక్కవాళ్లకు తగిలి వాళ్ల దెబ్బ చెడిపోతుంది. అందుకే పక్కవాళ్లు అలాంటి తగులుకు చలించకుండా చేసే ఫ్లించ్ ఫ్రీ స్కిల్ ఒక స్థాయి పెట్టుకుని వస్తారు, అది చాలు.

డ్యూయల్ బ్లేడ్స్ సంగతి ఇంకా తమాషా. దెబ్బలకు ఊపునిచ్చే డీమన్ మోడ్‌లో ఉన్నంతసేపూ స్టామినా కరుగుతూనే ఉంటుంది. కొత్తవాళ్లు మృగానికి అతుక్కుని చివరి చుక్కదాకా కోస్తారు. సరిగ్గా అప్పుడే తోక వస్తుంది, దొర్లడానికి స్టామినా ఉండదు. చేయి పొట్టిది కాబట్టి పెద్ద మృగాల తల, తోక అందవు, కాళ్లే గతి. దెబ్బలు ఎక్కువ కాబట్టి పదునూ త్వరగా పోతుంది. పైగా ఒక్కో దెబ్బ చిన్నది, బలం ఎలిమెంట్‌ది, అంటే నిప్పు, నీరు లాంటి గుణానిది. నిప్పుకు లొంగేదానికొకటి, నీటికి లొంగేదానికొకటి అంటూ జతలు పెంచుకోవాలి. మొదటి వారంలో అన్ని జతలకు సామగ్రి ఎవరి దగ్గరా ఉండదు.

లాన్స్‌ను కూడా బరువైనదని పక్కన పెట్టేస్తారు. గ్రేట్ స్వార్డ్‌లాగే దీనికీ గేజ్ లేదు. ఆర్2 పట్టుకుంటే డాలు, ట్రయాంగిల్‌తో పోట్లు, మూడు పోట్ల తర్వాత ఒక గెంతు. తప్పించుకోవడం రానివాళ్లకు అడ్డుకోవడమే మేలు కదా. దెబ్బలు డాలు మీద పడుతుంటే మృగానికి ఎదురుగా నిలబడే దాని కదలికలు నేర్చుకోవచ్చు. తప్పేదెక్కడంటే, డాలు ముందు వైపే కాస్తుంది, పక్కనుంచి వచ్చిన తోకను కాదు. అడ్డుకున్న ప్రతిసారీ స్టామినా తరుగుతుంది. గార్డ్ స్కిల్ పెంచితే ఆ తరుగు తగ్గుతుంది. కొన్ని దెబ్బలను గార్డ్ అప్ అనే స్కిల్ లేకుండా ఆపడం కుదరదు, వాటికి పక్కకు తప్పుకోవాల్సిందే. పారిపోయే మృగం వెనక పడటం లాన్స్‌తో విసుగే, అందులో వాదన లేదు.

"భయమైతే దూరం నుంచి కొట్టండి"

విల్లుకు, తుపాకులకు దూరం ఇష్టం వచ్చినంత పెంచుకునే వీలు లేదు. దెబ్బ పూర్తి బలంతో తగలడానికి ఒక దూరం ఉంది, ఆ దూరంలో ఉన్నప్పుడు గురి గుర్తు రంగు మారుతుంది. అది దాటి వెనక్కి వెళ్తే బాణాలు తగులుతూనే ఉంటాయి, నష్టం మాత్రం పడిపోతుంది. ఆ సరైన దూరం చాలా మృగాలకు ఒక దూకుడు దూరమే. విల్లు లాగినా, పక్కకు జారినా స్టామినా ఖర్చు. కాబట్టి డ్యూయల్ బ్లేడ్స్‌కు చెప్పిన గొడవే ఇక్కడా. వరల్డ్‌లో తుపాకులకు నార్మల్ తూటాల్లో మొదటి స్థాయి ఒక్కటే తరగనిది, అది బలహీనం. మిగతావి సంచిలో ఎన్ని ఉన్నాయో, ఏది లోడ్ అయిందో, రీలోడ్‌కు ఎంతసేపో చూసుకోవాలి. వైల్డ్స్‌లో నార్మల్, పియర్స్, స్ప్రెడ్ తూటాలు తరగవు కాబట్టి అక్కడ ఈ భారం బాగా తగ్గింది. వరల్డ్‌కు ముందు ఆటలు ఆడబోయేవాళ్లకు ఒక హెచ్చరిక: వాటిలో దూరం ఆయుధాలకు కవచం వేరే ఉంటుంది, దాని రక్షణ తక్కువ.

"అటాక్ అంకె పెద్దగా ఉన్నది చూసుకోండి"

వరల్డ్‌లో మొదట చేతికొచ్చే గ్రేట్ స్వార్డ్ మీద 384 అని, హ్యామర్ మీద 416 అని, స్వార్డ్ అండ్ షీల్డ్ మీద 112 అని రాసి ఉంటుంది. మూడింటి అసలు బలం ఒక్కటే: 80. తెర మీద చూపే ముందు ఒక్కో ఆయుధ రకానికి ఒక్కో గుణకంతో హెచ్చిస్తారు. గ్రేట్ స్వార్డ్‌కు 4.8, హ్యామర్‌కు 5.2, లాంగ్ స్వార్డ్‌కు 3.3, స్వార్డ్ అండ్ షీల్డ్‌కూ డ్యూయల్ బ్లేడ్స్‌కూ 1.4. దెబ్బ లెక్కలో మళ్లీ భాగించేస్తారు. కాబట్టి రెండు రకాల మధ్య ఆ అంకెలు పోల్చడం అర్థం లేని పని. రైజ్‌లో ఈ గుణకం లేకుండా అసలు అంకే చూపిస్తారు.

ఒకే రకంలో రెండు ఆయుధాలు పోల్చేటప్పుడు కూడా అటాక్ ఒక్కటే చూస్తే మోసపోతారు. పదును రంగు కూడా బలమే: నారింజ 0.75, పసుపు 1.0, పచ్చ 1.05, నీలం 1.2 రెట్లు. అసలు బలం 120తో పసుపు దగ్గర ఆగిపోయే ఆయుధం కంటే 110తో నీలం ఉన్నదే మెరుగు: 132 ముందు 120 నిలవదు. పదును తక్కువైతే గట్టి చోట్ల ఆయుధం ఎగిరి వెనక్కి కొడుతుంది, ఆ క్షణంలో వేటగాడు నిస్సహాయుడు. అఫినిటీ (దెబ్బ మామూలుకంటే గట్టిగా తగిలే అవకాశ శాతం) మైనస్‌లో ఉంటే అన్ని శాతం దెబ్బలు 25 శాతం నష్టం కోల్పోతాయి. వేట మధ్య పదును పెట్టుకోవడం మరిచిపోయి "ఆయుధం బాలేదు" అనుకునేవాళ్లే ఎక్కువ. వరల్డ్ నుంచి సానరాయి తరగదు, మృగం వేరే చోటికి వెళ్లినప్పుడల్లా వాడేయొచ్చు.

"స్వార్డ్ అండ్ షీల్డ్ నేర్చుకునేదాకానే"

ఆయుధం చేతిలో ఉండగానే ఆర్2 పట్టుకుని స్క్వేర్ నొక్కి పోషన్ తాగగలిగేది ఇది ఒక్కటే. మిగతావాటిలో ముందు ఆయుధం దాచాలి. కత్తితో తోక తెగుతుంది, డాలుతో తల మీద బాదితే మృగానికి కళ్లు తిరుగుతాయి. హ్యామర్‌కు తల బాదడం వచ్చు, తోక కోయడం రాదు. దెబ్బల మధ్య వెనక్కి గెంతే కదలికలో కొద్దిసేపు ఏ దెబ్బా తగలదు. వరల్డ్‌కు విస్తరణగా వచ్చిన ఐస్‌బోర్న్‌లో దానికి పర్ఫెక్ట్ రష్ వచ్చి చేరింది. అందులో ఒక్కో నొక్కు సరైన క్షణంలో పడాలి, అది నేర్చుకునే లోపు "సులువు ఆయుధం" అన్న మాట మరిచిపోతారు. లోపాలు లేవని కాదు. చేయి పొట్టి, డాలు తేలిక. పెద్ద దెబ్బకు లాన్స్‌లా నిలబడదు, వెనక్కి నెట్టేస్తుంది.

"గన్‌లాన్స్, ఛార్జ్ బ్లేడ్ ముట్టుకోవద్దు"

సగం నిజమన్నది ఇదే. కత్తిగానూ గొడ్డలిగానూ మారే ఛార్జ్ బ్లేడ్‌కు కత్తి దెబ్బలతో శక్తి పోగెయ్యాలి. పసుపు రంగు దగ్గర నింపుకుంటే మూడు ఫయల్స్ (గొడ్డలి దెబ్బకు పేలుడునిచ్చే శక్తి సీసాలు), ఎరుపు దగ్గర నింపుకుంటే ఐదు. ఎరుపు దాటినా నింపుకోకుండా కొడుతూ పోతే కత్తి మృగం మీద నుంచి ఎగిరి వస్తుంది. ఫయల్స్ లేకుండా గొడ్డలి పెద్ద దెబ్బ వేస్తే పేలుడు ఉండదు, ఊపు మాత్రమే. ఇవన్నీ మృగాన్ని చూస్తూ చెయ్యాలి. మొదటి నెల వద్దనడం న్యాయమే. ఇన్‌సెక్ట్ గ్లెయివ్‌ను కూడా ఈ జాబితాలోనే వేయొచ్చు, పురుగును పంపి మృగం నుంచి ఎర్ర సారం తీసుకోకుండా గాల్లో ఎగురుతూ ఉంటే వేట సాగుతుందే తప్ప ముగియదు.

గన్‌లాన్స్‌ను మాత్రం ఆ గాటన కట్టడం అన్యాయం. డాలు లాన్స్ తరహాదే. పేల్చే దెబ్బ చర్మం ఎంత గట్టిదన్నది పట్టించుకోదు, వెనక్కి ఎగరదు. తలే కొట్టాలన్న బెంగ లేదు కాబట్టి కొత్తవాళ్లకు పెద్ద ఊరట. పేల్చే తీరును బట్టి రకాలు మూడు: నార్మల్ రకానికి ఐదు గుండ్లు, లాంగ్‌కు మూడు, వైడ్‌కు రెండు. మొదట వైడ్ తీసుకుని ఒక పోటు, ఒక పేలుడు అంటూ ఆడితే చాలు, నార్మల్ రకంలో అన్నీ ఒకేసారి పేల్చడం తర్వాత నేర్చుకోవచ్చు. పేల్చిన ప్రతిసారీ పదును తగ్గుతుందని మాత్రం గుర్తుండాలి.

"ఎంచుకున్నాక మార్చకండి"

వరల్డ్‌లో పద్నాలుగు రకాల తొలి ఆయుధాలూ మొదటినుంచే పెట్టెలో ఉచితంగా ఉంటాయి. తయారుచేసిన చాలా ఆయుధాలను కమ్మరి దగ్గర వెనక్కి తిప్పితే సామగ్రి తిరిగి వస్తుంది, జెన్నీ (ఆటలోని డబ్బు) మాత్రం రాదు. కవచం ఏ ఆయుధానికైనా సరిపోతుంది. వేట మధ్యలో గుడారంలోకి వెళ్లి ఆయుధం మార్చుకోవచ్చు. వైల్డ్స్‌లో స్వారీ జంతువు సెయిక్రెట్ మీద రెండోది వెంటే ఉంటుంది.

పరీక్షించే పద్ధతి ఇలా పెట్టుకోండి. వరల్డ్‌లో గదిలోని హౌస్‌కీపర్ ద్వారా ట్రెయినింగ్ ఏరియాకు వెళ్తే, ఏ బటన్ తర్వాత ఏది నొక్కవచ్చో తెర మీదే కనిపిస్తుంది. అక్కడ ఒక్కో ఆయుధంతో పావుగంట. నచ్చిన రెండింటితో మొదట్లో ఎదురయ్యే మృగం గ్రేట్ జాగ్రస్‌ను మూడేసిసార్లు వేటాడండి. రైజ్‌లో గ్రేట్ ఇజూచి, వైల్డ్స్‌లో చాటకాబ్రా. ఎంత త్వరగా చంపారన్నది వదిలేయండి. మీ దెబ్బ మధ్యలో ఎన్నిసార్లు దెబ్బ తిన్నారో, ఎన్ని పోషన్లు అయ్యాయో చూసుకోండి. మూడో వేటకు ఆ లెక్క తగ్గిన ఆయుధం మీది. రెండింటికీ తగ్గకపోతే పెట్టెలో ఇంకా పన్నెండు ఉన్నాయి.