పత్రిక ఎవరిదో పాఠకుడికి తెలియాలి

పత్రిక ఎవరిదైతే ఏమిటి, వార్త నిజమైతే చాలదా అనే వాదన మళ్లీ వినిపిస్తోంది. పాఠకులు అంటే అర్థం చేసుకోవచ్చు. పత్రికలు నడిపేవాళ్లే అంటుంటే మాకు మింగుడుపడటం లేదు.

చిత్తూరు ఇంకా ఉత్తర ఆర్కాటు జిల్లా కేంద్రంగా ఉన్న 1878లో, మద్రాసులో ఆరుగురు యువకులు రూపాయి పన్నెండు అణాలు అప్పు చేసి, 80 ప్రతులతో ‘ది హిందూ’ మొదలుపెట్టారు. 1905లో కస్తూరి రంగ అయ్యంగార్ దాన్ని కొన్నారు. నేటికీ అది ఆ కుటుంబానిదే. ఈ సంగతి తెలుసు కాబట్టి పాఠకుడు దాని రాతల్ని బేరీజు వేసుకోగలుగుతున్నాడు.

1932లో అదే మద్రాసులో వరదరాజులు నాయుడు పెట్టిన ‘ఇండియన్ ఎక్స్‌ప్రెస్’ తర్వాత రామ్‌నాథ్ గోయెంకా చేతికి వచ్చింది. 1975లో ఎమర్జెన్సీ పెట్టగానే ఆ పత్రిక సంపాదకీయం జాగాను ఖాళీగా వదిలి నిరసన తెలిపింది. యజమాని భయపడి ఉంటే అదీ జరిగేది కాదు. 1991లో ఆయన పోయాక వారసులు పంచుకున్నారు. దక్షిణాది ఎడిషన్లు ‘న్యూ ఇండియన్ ఎక్స్‌ప్రెస్’ అయ్యాయి. తిరుపతిలో ఆ పేపరు కొనేవారిలో, ఢిల్లీ నుంచి వచ్చే ‘ఇండియన్ ఎక్స్‌ప్రెస్’ యాజమాన్యం వేరని ఎందరికి తెలుసు?

ఒక శాతానికి మించి వాటా ఉన్నవారి పేర్లు పత్రికలు ఏటా అచ్చువేయాలని 1956లోనే నిబంధన వచ్చింది. వేస్తూనే ఉన్నారు, ఏ లోపలి పేజీలోనో, భూతద్దం పెట్టి చదవాల్సిన అక్షరాల్లో. వాటాదారు ఒక కంపెనీ అయితే దాని వెనక ఇంకో కంపెనీ ఉంటుంది. అసలు మనిషి పేరు పాఠకుడి దాకా రాదు. రాజకీయ పార్టీలను మీడియా యాజమాన్యానికి దూరంగా ఉంచాలని 2014లో టెలికాం, ప్రసార రంగాల నియంత్రణ సంస్థ ట్రాయ్ సిఫార్సు చేస్తే, పదేళ్లు దాటినా చట్టం కాలేదు.

పెట్టుబడి లేనిదే పత్రిక నడవదు, నిజమే. న్యూస్‌ప్రింట్ బిల్లులు మేమూ కడుతున్నాం. అయినా డబ్బు పెట్టినవారి పేరు దాచాల్సిన అవసరం ఏమిటి?

శ్రీవారి లడ్డూకు నెయ్యి ఏ కంపెనీ ఇచ్చింది, దాని వెనక ఎవరున్నారని పత్రికలన్నీ తవ్వి రాశాయి. రాయాల్సిందే. మంత్రుల ఆస్తులు, ఎమ్మెల్యేల బినామీలు, కాంట్రాక్టర్ల చుట్టరికాలు, అన్నీ అడుగుతున్నాం. అదే ప్రశ్న పత్రికల దగ్గరికొస్తే వ్యాపార వ్యవహారం అంటున్నారు. ఊరందరికీ ఒక న్యాయం, మనకొక న్యాయమా?

వచ్చే మార్చిలో ఈ ఏటి వివరాలు అచ్చువేసేటప్పుడు ప్రతి పత్రికా, మాతో సహా, యజమానుల పేర్లను మొదటి పేజీలో, వార్త వేసే అక్షరాల్లోనే, చివరి మనిషి దాకా వేయాలి. అందుకు సిద్ధపడని పత్రిక టీటీడీ బోర్డును లెక్కలు అడగడం మానుకోవాలి.