ఆ రెండు గంటలైనా వదలరా!

నెలకోసారి, రెండో శనివారం, మేం ఆరుగురం కలిసి భోంచేస్తాం. ఈసారి హన్మకొండలో, వేయిస్తంభాల గుడి దగ్గరుండే దోస్తు ఇంట్లో. కాజీపేట నుంచి వచ్చినామె సర్వపిండి తెచ్చింది. నువ్వులు, పల్లీలు, శనగపప్పు దట్టంగా వేసి, వేలితో బొక్కలు పెట్టి నూనె పోసి కాల్చింది, అడుగు ఎర్రగా కరకరలాడుతోంది. పచ్చిపులుసు నా వంతు.

ముక్క నోట్లో పెట్టానో లేదో మా ఆయన ఫోన్. "ఏమే, పప్పు ఎక్కడుంది?" పొయ్యి మీదే ఉందండీ. పది నిమిషాలకు మళ్లీ. "పెరుగు?" పెరుగు ఫ్రిజ్‌లో కాక బీరువాలో ఉంటుందా? నా ఒక్కదాని బాధే అనుకునేరు, ఆరు ఫోన్లూ వంతులవారీగా మోగుతూనే ఉన్నాయి. ఒకామె కొడుకు, ఇంజినీరింగ్ మూడో ఏడు, కుక్కర్ మూత ఎట్లా తీయాలని వీడియో కాల్ చేశాడు!

ఆయన దోస్తులతో యాదగిరిగుట్టకు పోయి రెండు రోజులకు వచ్చినప్పుడు నేను ఒక్కసారన్నా ఫోన్ చేశానా? పైగా ఇంటికి రాగానే, "అంతసేపు ఏం మాట్లాడుకుంటారే?" అంట. మాట్లాడనిస్తే కదా! సర్వపిండి చల్లారిపోయింది.

వచ్చే నెల మా ఇంట్లోనే. ఆయన్ని ఎక్కడికి పంపాలో, అదో టెన్షన్.