గ్రీకు రేడియో: బయటికి వెళ్ళిన గొంతే ఇంటికి తిరిగొచ్చింది

గొర్రెల మెడలో గంటలు, వాటి మధ్య ఒక పిల్లనగ్రోవి. గ్రీకు జాతీయ రేడియో పిలుపు రాగం ఇది. ‘చిన్ని గొర్రెల కాపరిగా ఉండేవాణ్ణి’ అనే జానపద పాట వరస. మన ఆకాశవాణి పొద్దున్నే మోగించే తంబురా, వయొలిన్ రాగంలాగే, ఎవరూ ఏమీ మాట్లాడకముందే ఇల్లు గుర్తొచ్చేస్తుంది.

ఇలాంటి రేడియోని ఖర్చు లెక్కలతో తూచడం తప్పని నా అభిప్రాయం. 2013 జూన్ 11న గ్రీసు ప్రభుత్వం సరిగ్గా ఆ పనే చేసింది. పొదుపు పేరుతో జాతీయ ప్రసార సంస్థ ఈఆర్‌టీని ఒక్క రాత్రిలో మూసేసింది. 2,600 మందికి పైగా ఉద్యోగాలు పోయాయి. సంస్థ సొంత వాద్యబృందం వాళ్ళు ఏడుస్తూనే వాయించారు. అవ్‌లిడా ట్రాన్స్‌మిటర్ల నుంచి షార్ట్‌వేవ్‌లో ప్రవాసులకు, సముద్రం మీదున్న నావికులకు ఏళ్ళ తరబడి వినిపించిన ‘గ్రీసు గొంతు’ కూడా ఆ సంస్థదే. రెండేళ్ళకి, మళ్ళీ అదే తేదీన, ఈఆర్‌టీని తెరిచారు.

ప్రవాసుల కోసం నడిపే రేడియో ఇంట్లోవాళ్ళకి అక్కర్లేని ఖర్చు అనుకునేవాళ్ళు 1967 సంగతి చూడాలి. ఆ ఏడాది గ్రీసులో అధికారం లాక్కున్న సైనిక ప్రభుత్వం స్వరకర్త మికిస్ థియోడొరాకిస్ సంగీతాన్ని నిషేధించింది. ఆయన పాట వాయించినా, విన్నా నేరమే. ఆ రోజుల్లో జర్మనీకి పనికోసం వెళ్ళిన గ్రీకులకు మ్యూనిక్‌లో బవేరియా రేడియో గ్రీకు కార్యక్రమం ఉండేది. అందులోంచి గ్రీకు పాత్రికేయుడు పావ్లోస్ బకోయానిస్ సైనిక పాలనను ఎండగట్టారు. జర్మనీ నుంచే వచ్చే డాయిష్ వెల్లె (విదేశీ శ్రోతల కోసం నడిచే జర్మన్ రేడియో) గ్రీకు ప్రసారాలను గ్రీసులో జనం చాటుగా, చెవులు రిక్కించి విన్నారు. ఇంట్లో నొక్కేసిన మాట బయటి నుంచి తిరిగొచ్చింది.

సొంత రేడియో తప్పులూ తక్కువేం కాదు. ఏథెన్స్ రేడియో 1938లో మెటాక్సాస్ నియంతృత్వంలో మొదలైంది. ఆసియా మైనర్ (ఇప్పటి టర్కీ) నుంచి వచ్చిన శరణార్థులు, పిరయస్ రేవు పేదలు బుజూకీ అనే తీగవాద్యం మీద పాడుకునే రెబెటికో పాటలకి ఆ ప్రభుత్వం సెన్సార్ కత్తెర వేసింది. అదే రెబెటికోని 2017లో యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. అయితే జానపదాన్ని కాపాడింది కూడా ఆ రేడియోనే. జానపద సంగీత పరిశోధకుడు సిమోన్ కరాస్, ఆయన శిష్యురాలు డొమ్నా సమియు పల్లె పాటలకు అక్కడ చోటు సంపాదించారు.

ఫోన్‌లో అన్నీ దొరుకుతున్నాయి కదా, ఇంకా రేడియో ఎందుకంటారు. ఫోన్‌లో పాట దొరుకుతుంది, నిజమే. కానీ గ్రీసులోని ఎపిరస్ కొండల్లో జాతర చనిపోయినవాళ్ళని తలచుకునే క్లారినెట్ శోకరాగంతో మొదలవుతుందని, ఆ తర్వాతే ఆట అందుకుంటారని, మెల్‌బోర్న్‌లో పుట్టిన మనవడికి ఎవరు చెప్తారు? పాటకీ పాటకీ మధ్య మాట్లాడే మనిషి చెప్పాలి.

1975లో సిడ్నీ, మెల్‌బోర్న్‌లలో గ్రీకు వంటి వలస భాషల కోసం మొదలైన రేడియోలే తర్వాత ఎస్‌బీఎస్ అనే ఆస్ట్రేలియా బహుభాషా ప్రసార సంస్థ అయ్యాయి. ఇప్పుడు అక్కడ తెలుగుకీ చోటుంది. సినిమా పాటలతో పాటు ఒగ్గుకథ, జముకుల కథ కూడా, పాడినవాళ్ళ ఊరి పేరుతో సహా, అందులో వినిపించాలని నా కోరిక.