డెబ్బై ఐదు శాతం హాజరు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ డెబ్బై ఐదు శాతం హాజరు గారి దివ్యసముఖానికి, వెనక బెంచీలవాళ్లం నమస్కరించి రాసుకునే విన్నపం. సెమ్‌లో వందకి డెబ్బై ఐదు క్లాసులకైనా కూర్చోకపోతే పరీక్ష రాయనివ్వని నియమం తమరే గదా. ఇక్కడ మేమంతా కుశలం. రిజిస్టర్ ప్రకారం సగంమందిమి విషజ్వరంతో ఉన్నాం గానీ, తమరు కంగారుపడొద్దు.

తమ స్థిరత్వానికి ముందుగా ఓ దండం. మా ఇంజినీరింగ్ కాలేజీల యూనివర్సిటీ జేఎన్‌టీయూ 1972లో పుట్టి, 2008లో హైదరాబాద్, కాకినాడ, అనంతపురం అని విడిపోయింది. 2014లో రాష్ట్రమే రెండయింది. 2022లో విజయనగరానికి ఇంకో జేఎన్‌టీయూ వచ్చింది. ఆర్13, ఆర్16, ఆర్19, ఆర్20, ఆర్23 అంటూ ఏడాది పేర్లతో రెగ్యులేషన్లు, అంటే చదువు నియమాలు, ఒకదాని మీదొకటి వచ్చాయి. తమరు మాత్రం 75 దగ్గర మొదలై 75 దగ్గరే ఉన్నారు. రెండు తెలుగు రాష్ట్రాలూ ఇంత గట్టిగా ఒప్పుకున్న సంగతి ఇంకొకటి కనబడదు. కృష్ణా నీళ్ల పంచాయితీ కూడా తమకే అప్పజెప్తే ఓ పనైపోయేది.

ఇంజినీరింగ్‌లో మాకు ఎవరూ చెప్పకుండానే వచ్చిన లెక్క ఒక్కటే, తమ లెక్క. సెమ్‌కి 90 రోజులు, రోజుకి 6 పీరియడ్లు అనుకుంటే మొత్తం 540. అందులో 405కి కూర్చుంటే చాలు, 135 మావి. వినడానికి జమీందారీలా ఉంటుంది. కానీ పోయిన ఒక్కో పీరియడ్‌కీ మూడు పీరియడ్లు కూర్చుంటేనే తమ కోపం చల్లారుతుందన్న అసలు మెలిక మొదటి ఏడాది పిల్లలకి తెలీదు. మొదటి ఐదు రోజుల్లోనే రెండ్రోజులు ఊరెళ్లొస్తే 30కి 18, అంటే 60 శాతం. పాపం, నోటీసు బోర్డులో పేరు చూసి బెంబేలెత్తిపోతారు. ఆ తర్వాత మూడ్రోజులు కదలకుండా కూర్చుంటే 75కి వచ్చేస్తారు. అసలు భయపడాల్సింది చివర్లో. 80 రోజులు అయ్యాక 480కి 365తో, 76 శాతంతో కాలు మీద కాలేసుకున్నవాడు రెండ్రోజులు మానేస్తే 74.19కి జారతాడు. మళ్లీ పైకి రావాలంటే వరసగా 16 పీరియడ్లు కావాలి. ఈలోపు ప్రిపరేషన్ హాలిడేస్ ఇచ్చేస్తే ఆ 16 ఎక్కణ్ణుంచి తెస్తాడు?

ల్యాబ్ రోజు మానకూడదన్న నియమం ఇలాంటి లెక్కల్లోంచే పుట్టింది. ల్యాబ్ అంటే ఒకే దెబ్బకి మూడు పీరియడ్లు, పైగా ఆ రోజు ప్రయోగం రికార్డులో ఖాళీగా మిగిలి ఇంటర్నల్‌లో మార్కులు కోసుకుపోతుంది. అందుకే టైమ్‌టేబుల్ రాగానే మేం ముందు చూసేది సబ్జెక్టుల్ని కాదు, ల్యాబులు లేని శుక్ర, సోమవారాల్ని.

తమ నామస్మరణకి పట్టే సమయం కూడా చూడండి. అరవై చిల్లర నంబర్లు పిలవడానికి ఐదు నిమిషాలు. ల్యాబులు పక్కన పెట్టి రోజుకి నాలుగుసార్లే అనుకున్నా ఇరవై నిమిషాలు, 90 రోజులకి 30 గంటలు. యాభై నిమిషాల పీరియడ్లుగా మారిస్తే 36, అంటే నిండా ఆరు పనిదినాలు. మేం రాలేదని తమరు బాధపడే రోజుల్లో ఆరు, మేం వచ్చామా లేదా అని అడగడానికే ఖర్చయిపోతున్నాయి.

అదీ సజావుగా సాగుతుందా? హాల్‌టికెట్ నంబర్‌లో పది అక్షరాలున్నా పిలిచేది చివరి రెండే. 99 దాటాక ఏ0, ఏ1 మొదలవుతాయి. ప్రాక్సీ ఇచ్చేవాడికి, అంటే రానివాడి బదులు పలికేవాడికి, అసలు చిక్కు వరస నంబర్లతోనే. 47, 48 రెండూ ఒకే గొంతులో పలికితే సారు తలెత్తుతారు. కాబట్టి 47 అసలువాడు పలికి, 48 కిటికీ వైపు నుంచి ఇంకొకడు పలకాలి. ఈ ఏర్పాటంతా సారు తలలు లెక్కపెట్టనంతవరకే. పలికినవి 58, కనబడేవి 39 అయితే అందరికీ మళ్లీ మొదటినుంచి. నిజంగా వచ్చి, రెండోసారి పిలిచినప్పుడు సీసా మూత తీసి నీళ్లు తాగుతున్నవాడికి ఆబ్సెంట్. బయోమెట్రిక్ పెడితే ఇవన్నీ పోతాయన్నారు. గోరింటాకు పెట్టుకున్న వేలినీ, తడి ఆరని వేలినీ, వర్క్‌షాప్‌లో ఆకురాయి పట్టి చర్మం అరిగిన వేలినీ అది పోల్చుకోదు. పెళ్లికి వెళ్లొచ్చిన పిల్ల వారంపాటు మెషీన్ ముందు వేలు తుడుస్తూ నిలబడుతుంది.

ఇక విహారాల సంగతి. మమ్మల్ని కాలేజీలో కట్టిపడేస్తున్నానని తమరు అనుకుంటున్నారు. నిజానికి ఈ చుట్టుపక్కల అతిపెద్ద టూర్ ఆపరేటర్ తమరే. అన్ని కాలేజీలవాళ్లకీ మానడానికి వీలున్నది ఒకే రెండో శనివారం గనక, విశాఖలో అందరం అరకు మీదుగా పోయే ఒకే కిరండూల్ పాసింజర్ ఎక్కుతాం. ఏడుకి ముందే కదిలే ఆ రైల్లో జనరల్ పెట్టె అప్పటికే నిండిపోయి ఉంటుంది. శృంగవరపుకోటలో ఎక్కేవాళ్లకి మెట్ల మీద కూడా చోటు దొరకదు. ఈ లైను మీద 58 సొరంగాలు. క్లాసులో ప్రాక్సీకి కూడా లేవని గొంతులు ఒక్కో సొరంగంలో ఎలా లేస్తాయో తమరు వినాల్సిందే.

తెలివైనవాళ్లు బొర్రా గుహల స్టేషన్‌లో దిగి, గుహలు చూసుకుని, షేర్ జీపులో అరకు పోతారు. బొంగు చికెన్ ముందే చెప్పేసి తిరగడానికి వెళ్లాలి, వెదురు నిప్పుల మీద కాలడానికి అరగంట పైనే పడుతుంది. వచ్చి కూర్చుని చెప్తే బస్సు పోతుంది. సాయంత్రం రైలు నమ్ముకుంటే అది ఎప్పుడొస్తుందో దానికే తెలియాలి. ఆర్టీసీ బస్సే నయం. కానీ ఘాట్ రోడ్డు మీదుగా నాలుగు గంటలు, అందులో ఇద్దరికి వాంతులు. కవర్లు, నిమ్మకాయలు వెళ్లేటప్పుడే సర్దుకోవాలి.

ఇంత చేసీ హాస్టల్ గేటు ఎనిమిదికి మూస్తారు. అమ్మాయిల గేటు ఇంకా ముందే. అందుకే మగపిల్లల ఫోన్లలో అరకు లోయ ఉంటే, అదే క్లాసు ఆడపిల్లల ఫోన్లలో రుషికొండ, భీమిలి మాత్రమే ఉంటాయి. తమ 75 ఇద్దరికీ ఒకటే గానీ, హాస్టల్ బయటికి పోనిచ్చే చీటీ, తమ తమ్ముడు ఔట్‌పాస్ గారికి సమానత్వం ఇంకా సిలబస్‌లోకి రాలేదు. వారి పద్ధతి కూడా ఘనమైనదే: దరఖాస్తు, క్లాస్ ఇన్‌ఛార్జి సంతకం, వార్డెన్ గారు నాన్నకి ఫోను, గేటు దగ్గర పుస్తకంలో టైము. ఆ ఫోను ఎత్తే నాన్న చాలాసార్లు ఫైనలియర్ మెకానికల్ అన్నయ్య. "ఆఁ, మావాడే సార్, వాళ్ల తాతగారికి బాగోలేదు" అనేదాకా బాగానే నెట్టుకొస్తాడు. "ఏ ఊరండీ మీది?" అనగానే తడబడతాడు.

65కీ 75కీ నడుమ పడ్డవాళ్లని మన్నించడానికి తమరు దయతో తెరిచి ఉంచిన కిటికీ పేరు కండోనేషన్. మెడికల్ సర్టిఫికెట్, దానితోపాటు ఫీజు. రోగం నిజమైతే ఫీజెందుకో, ఫీజు కట్టాక రోగమెందుకో మాకు అంతుబట్టలేదు. సర్టిఫికెట్లలో జబ్బు సాధారణంగా టైఫాయిడ్. పది రోజుల విశ్రాంతి రాయడానికి వీలుగా ఉంటుంది. ఒకే క్లినిక్, ఒకే చేతిరాత, ఒకే తేదీన పదకొండుమందికి వస్తే ఊళ్లో వైద్యశిబిరం పెట్టాలి నిజానికి.

65 కిందికి పడితే మాత్రం జ్వరమైనా ఫీజైనా పని చేయదు. 64.9 అన్నా తమరు కరగరు. సెమ్ పోతుంది, ఆ సెమ్ మళ్లీ నడిచేది వచ్చే ఏడాదే గనక ఏడాది పోతుంది, జూనియర్ల పక్కన కూర్చోవాలి. నిజంగా కామెర్లు వచ్చి నెలన్నర మంచానపడ్డవాడూ, నెలన్నర గోవా, గండికోట, లంబసింగి తిరిగొచ్చినవాడూ ఆ జాబితాలో పక్కపక్కనే ఉంటారు. ఇక్కడ మాత్రం మాకు వెటకారం రావడం లేదు.

చివరిగా ఓడీల గురించి, అంటే కాలేజీ పని మీద ఉన్నవాళ్లకిచ్చే ఆన్ డ్యూటీ హాజరు గురించి, ఒక్క మాట. కాలేజీ ఫెస్ట్‌కి కుర్చీలు మోసి, ముఖ్య అతిథికి శాలువా తెచ్చి, స్టేజి విప్పినవాళ్లకి హాజరు ఇస్తామంటారు. ఆ లెటర్ హెచ్‌ఓడీ గారి బల్ల మీద పేపర్‌వెయిట్ కింద చేరుతుంది. సంతకమైనా దాన్ని ఒక్కో సబ్జెక్ట్ సారు ఎవరికివారే తమ రిజిస్టర్‌లో ఎక్కించాలి, ఎక్కించరు. కాబట్టి జూనియర్లు గమనించగలరు: ఓడీ లెటర్ మూడు జిరాక్సులు తీసి, అదే వారంలో ఒక్కో సారు దగ్గరికీ వెళ్లి, ఎదురుగా నిలబడి రాయించుకోవాలి. సెమ్ చివర వెళ్తే "అప్పుడే చెప్పాల్సిందయ్యా" అంటారు.

ఇట్లు,
తమ విధేయులు,
47 (48 తరఫున కూడా)

జతచేసినవి: టైఫాయిడ్ సర్టిఫికెట్లు 11, ఓడీ లెటర్ జిరాక్సులు 3, అరకు ఆర్టీసీ టికెట్లు (పొరపాటున వచ్చినవి, దయచేసి తిప్పి పంపగలరు).