మాస్టర్ గారి గంట, మూడు ఖాతాలు

కూతురిని వీపు మీద కూర్చోబెట్టుకుని పుషప్స్ తీసే తండ్రి వీడియో మీ దాకా వచ్చే ఉంటుంది. రాలేదంటే మీ ఫోన్ పాడైందని అర్థం. మా వాడికి కరాటే నేర్పే మాస్టర్ గారు కూడా పోయిన నెల ఒకటి పెట్టారు. కింద ‘ఫ్యామిలీ టైమ్ ప్లస్ వర్కవుట్’ అని రాసి, ఒక కండ బొమ్మ, ఒక గుండె బొమ్మ తగిలించారు. పాప బరువు 24 కిలోలని కూడా రాశారు. పేరు రాయలేదు. డంబెల్‌కి మాత్రం పేరెందుకు, బరువు తెలిస్తే చాలు.

పాత గ్రీకు కథల్లో మైలో అనే మల్లుడు ఉండేవాడు. రోజూ ఒక దూడను భుజాన మోసి, అది ఎదిగి ఎద్దయ్యాక కూడా అలాగే మోశాడని చెప్పుకుంటారు. అంత మోసినవాడు కూడా దూడతో ఫ్యామిలీ టైమ్ గడిపానని ఎక్కడా చెప్పుకోలేదు.

ఆ వీడియో తీసిందెవరని ఎవరూ అడగలేదు. కెమెరా ఎక్కడా వణకలేదు కాబట్టి పాప వాళ్లమ్మకీ బాగానే ప్రాక్టీసు ఉన్నట్టుంది.

వారానికి మూడు సాయంత్రాలు నేను ఆ క్లాసు బయట తల్లిదండ్రుల బల్ల మీద కూర్చుంటాను. నేను చేసే వ్యాయామమల్లా ఫోన్ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకోవడమే, కాబట్టి ఒక బ్లాక్ బెల్టును విమర్శించే అర్హత నాకు లేదు. అర్హత లేని పనులు చేయడానికే కదా కాలమ్ ఇచ్చింది. ఆ బల్ల మీద కూర్చునే ఎవరో ఒకరు నెలకోసారైనా మాస్టర్ గారిని అడిగి తీరతారు: “ఇల్లు, ఒళ్లు, క్లాసు... మూడూ ఎలా బ్యాలెన్స్ చేస్తున్నారు మాస్టర్?” ఆయన ఒక్క క్షణం కళ్లు మూసుకుని, తెరిచి, “డిసిప్లిన్” అంటారు. బల్ల మొత్తం తల ఊపుతుంది.

డిసిప్లిన్ కాదండీ, అది అకౌంట్స్. ఆరు నుంచి ఏడు దాకా క్లాసు చెబుతారు, అది వృత్తి ఖాతాలో ఒక గంట. క్లాసులో కూతురు కూడా ఉంటుంది కాబట్టి కుటుంబ ఖాతాలో ఇంకో గంట. చెబుతూ చెబుతూ చెమట పడుతుంది కనుక ఫిట్‌నెస్ ఖాతాలో మరో గంట. ఒకే స్థలాన్ని ముగ్గురికి అమ్మితే లోపల వేస్తారు. ఒకే గంటను మూడు చోట్ల రాసుకుంటే మాత్రం ఆదర్శ తండ్రి అంటారు. క్లాసు గోడ మీద జిగోరో కానో ఫొటో ఉంది. 1882లో కొడోకాన్ అనే బడి స్థాపించి జూడోను ప్రపంచానికి ఇచ్చిన ఆయన రెండు సూత్రాలు పెట్టాడు: ఉన్న శక్తిని వృథా పోనీకుండా వాడుకోవడం ఒకటి, నువ్వూ ఎదుటివాడూ కలిసి బాగుపడటం రెండోది. మా మాస్టర్ గారికి మొదటిది ఎముకల్లోకి ఇంకిపోయింది. రెండోది ఫొటో ఫ్రేము కిందకి జారి కనపడకుండా పోయినట్టుంది.

పోనీ, ఒంటికి నిజంగా అంత సమయం కావాలా? పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మోస్తరు వ్యాయామం, గట్టిగా చేస్తే అందులో సగం చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వారానికి 10,080 నిమిషాలు. 300 తీసేసినా 9,780 మిగులుతాయి. ఆ మిగిలినవాటిలో కూతురికంటూ ఒక పది నిమిషాలు, చేతిలో స్టాప్‌వాచ్ లేకుండా, చొక్కా తడవకుండా, దొరక్కపోవడం ఎలా సాధ్యమైందో ఆ సంస్థ వాళ్లే ఒక కమిటీ వేసి తేల్చాలి.

ఒకసారి ఫీజు ఇవ్వడానికి వాళ్లింటికి వెళ్లాను. మాస్టర్ గారు హాలు మధ్యలో ప్లాంక్‌లో ఉన్నారు. మోచేతులు నేల మీద, ఒళ్లు వాసంలా నిటారుగా, ముక్కు ముందు ఫోన్‌లో టైమర్. ఫోన్ పక్కనే పాప బోర్లా పడుకుని ఉంది, లెక్కల నోట్సు తెరిచి. ఇదేం పడుకోవడం అనుకున్నాను. తర్వాత అర్థమైంది. ఆ ఇంట్లో తండ్రి ముఖం రెండు నిమిషాలు కదలకుండా ఒకే చోట దొరికేది అక్కడే. పిల్ల తెలివైంది.

“నాన్నా, సగంలో సగం ఎంత?”

“నలభై సెకన్లు.”

“నాన్నా, సగంలో...”

“ముప్పై ఐదు.”

పాప కాసేపు పెన్సిల్ కొరికింది. తర్వాత గొంతు మార్చి, “మాస్టర్! సగంలో సగం ఎంత, మాస్టర్?” అంది.

“పావు!” అన్నారాయన తక్షణం. “గట్టిగా చెప్పు!”

“పావు!”

“వినపడలేదు!”

“పావు!!”

ఆ ఊపులో నేను కూడా అటెన్షన్‌లో నిలబడి పావు అన్నాను. టైమర్ మోగింది. ఆయన లేచి, తువ్వాలుతో ముఖం తుడుచుకుని, “చూశారా, చదువు కూడా నేనే చెబుతాను” అన్నారు. నాలుగో ఖాతా ఆ రోజే తెరిచారని నా అనుమానం.

అలా పిలవడం ఆ పిల్లకు ఊరికే రాలేదు. క్లాసులో చేరిన కొత్తలో బెల్టు ముడి ఊడిపోతే “నాన్నా, ఇది కట్టవా” అని ఎదురుగా వెళ్లి నిలబడింది. “ఇక్కడ నాన్న లేడు” అన్నారాయన, వరసలన్నిటికీ వినపడేలా. ఇరవై పుషప్స్. గురువును పిలిచే సెన్సెయ్ అనే జపనీస్ మాటకు అక్షరాలా ముందు పుట్టినవాడు అని అర్థం. ఆ పిల్ల విషయంలో ఆయనకు ఆ అర్హత పుష్కలంగా ఉంది, కాదనను. అయితే ముందు పుట్టినవాడికి ముడి కట్టడం వచ్చి ఉండాలి కదా. చివరికి మా వాడు వెళ్లి కట్టాడు. మా వాడి ముడి సంగతి నాకు తెలుసు, రెండు నిమిషాల్లో మళ్లీ ఊడింది. పాప ఈసారి ఎవరి దగ్గరికీ వెళ్లలేదు. ఒక చేత్తో బెల్టు పట్టుకుని, రెండో చేత్తో పంచ్‌లు కొట్టింది.

ఇక గ్రేడింగ్, అంటే బెల్టు పరీక్ష. ఎల్లో బెల్టుకు చూపించాల్సిన కటా, అంటే వరస తప్పకుండా చేయాల్సిన కదలికల కూర్పు, హెయాన్ షోదాన్. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఒకినావా బడిపిల్లల కోసం ఇతోసు అంకో అనే పెద్దాయన కూర్చిన ఐదు కటాల్లో ఇదొకటి. ఆ ఐదింటి పేరులోనే శాంతి ఉంది. ఎక్కడ మొదలుపెట్టారో అక్కడికే వచ్చి ఆగాలి. చెయ్యి పైకెత్తి దెబ్బను ఆపే అప్పర్ బ్లాక్ మూడోసారి చేసేటప్పుడు కియాయ్, అంటే ఒక గట్టి కేక, పెట్టాక 270 డిగ్రీలు తిరగాలి. పిల్లలు దారి తప్పేది ఆ మలుపులోనే. మా వాడు ఆ మలుపులో ఎటు తిరగాలో తెలియక పక్కవాడిని చూశాడు, పక్కవాడు మా వాడిని చూశాడు, ఇద్దరూ గోడ వైపు నడిచారు. రెండో కియాయ్ మర్చిపోయి, నమస్కారం అయ్యాక గుర్తొచ్చి అరిచాడు. పాస్.

పాప మొత్తం తప్పు లేకుండా చేసింది. ఆగినప్పుడు, మొదలుపెట్టిన గీతకు జానెడు ముందు ఉంది.

“ఫెయిల్” అన్నారు మాస్టర్ గారు. హాలంతా కలియజూసి, “నా కూతురైనా సరే, రూల్ రూలే” అన్నారు. చప్పట్లు. మా బల్ల మీద ఒకాయన కళ్లు తుడుచుకున్నాడు. ఇలాంటి మనిషి దగ్గర మన పిల్లలు నేర్చుకోవడం అదృష్టమని నా చెవిలో అన్నాడు.

ఏం అదృష్టమండీ? గోడ వైపు నడిచినవాడు పాసయ్యాడు, ఎందుకంటే వాడి తండ్రి ఫీజు కడతాడు. జానెడు తేడాకి తొమ్మిదేళ్ల పిల్ల ఫెయిలైంది, ఎందుకంటే తండ్రికి నిష్పక్షపాతి అన్న పేరు కావాలి. నీ నిజాయితీని రుజువు చేసుకోవాలంటే నీ పరీక్ష నువ్వు రాసుకో. పిల్లను సర్టిఫికెట్‌లా గోడకు తగిలిస్తావా? పక్క కుర్చీలో ఇంకో ఎగ్జామినర్ ఉన్నాడు. ఆ ఒక్క పిల్ల వంతు వచ్చినప్పుడు కాగితం ఆయన చేతిలో పెట్టి, లేచి బయటికి వచ్చి, మా బల్ల మీద ఐదు నిమిషాలు కూర్చుంటే ఏం పోయేది? చోటుంది. నా పక్కనే ఉంది. అక్కడ కూర్చున్న ప్రతి చవట తండ్రీ, నాతో సహా, తన పిల్ల వంతు రాగానే ఊపిరి బిగబట్టి మెడ సాచి చూశాడు. ఆ హాల్లో అలా చూసే మనిషి లేనిది ఆ ఒక్క పిల్లకే. వాళ్లమ్మ ఉంది కానీ ఆవిడ వీడియో తీస్తోంది, స్క్రీన్‌లోంచి చూస్తోంది.

కోపం వచ్చింది, క్షమించాలి. ఇది బాధ్యత గల కాలమ్.

గ్రేడింగ్ అయ్యాక పాప వచ్చి నా పక్క ఖాళీలో కూర్చుంది. తెల్ల బెల్టు విప్పి, మళ్లీ కట్టుకుంది. ముడి చక్కగా పడింది. ఇప్పుడు తనకే వచ్చు. మాస్టర్ గారు అటుగా రాగానే లేచి నిలబడి, వంగి, “ఓస్, మాస్టర్” అంది. ఆయన భుజం తట్టి, అవతల ఎవరో ఫొటో కోసం పిలిస్తే వెళ్లిపోయారు.

ఈ వారం కొత్త వీడియో పెట్టారు. అవే పుషప్స్, అదే వీపు. ఈసారి 25 కిలోలని రాశారు. ‘ప్రోగ్రెసివ్ ఓవర్‌లోడ్, సూపర్ మాస్టర్’ అని, బరువు మెల్లగా పెంచుకుంటూ పోయే జిమ్ పద్ధతి పేరెత్తి, బల్ల మీద కళ్లు తుడుచుకున్నాయనే మొదట మెచ్చుకున్నాడు.